గొట్టం చీలితే

మేముండే టెక్సస్‌లో ఏ వీధిలో చూసినా పికప్ ట్రక్కులే. మా అబ్బాయి కూడా పదిహేడో ఏట, సెలవుల్లో పనిచేసి దాచుకున్న డబ్బుతో ఒకటి కొన్నాడు. 1984 నాటి ఫోర్డ్ ఎఫ్-150. ఇంచుమించు నా ఈడుది!

మావారికి ఆ బండి మొదటి రోజునుంచీ గిట్టలేదు. "ఆ డబ్బు కాలేజీకి పనికొచ్చేది కాదూ?" అని ఆయన. "నా డబ్బు నా ఇష్టం" అని వీడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. "నాన్నని అడుగమ్మా", "వాడికి చెప్పు" అంటూ మధ్యలో నన్ను తిప్పేవారు.

నెల తిరక్కుండానే బండి మొరాయించింది. ఆటోమేటిక్ కదా, గేర్లు వాటంతటవే మారాలి. ఇంజను గొంతు చించుకుని అరిచేదాకా మారవు. మారితే వెనకనుంచి ఎవరో తన్నినట్టు కుదుపు. గేర్‌బాక్సు మొత్తం విప్పి బాగుచెయ్యాలి, రెండు వేల డాలర్ల పైనే అవుతుందన్నాడు మెకానిక్. బండి ఖరీదే అంత లేదు.

వాడు లైబ్రరీ నుంచి ఓ పాత మరమ్మతు పుస్తకం తెచ్చి, వంటింట్లో కూర్చుని నాకు పాఠం చెప్పాడు. ఇందులో ఉన్నది సి6 అనే మూడు గేర్ల పెట్టె. ఇంజను ఎంత బరువు లాగుతోందో దానికి చెప్పడానికి కంప్యూటర్ లేదు, ఓ సన్న గొట్టం ఉంది. ఇంజను తీరిగ్గా నడుస్తుంటే గాలిని పీల్చే శక్తి గట్టిగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ పీలుపు తగ్గుతుంది. అదే గొట్టంలోంచి వెళ్ళి, గేరుపెట్టె వెనకవైపున్న మాడ్యులేటర్ అనే డబ్బాలోని పొరని లాగుతుంది. పీలుపు బాగుంటే గేరు త్వరగా, మెత్తగా మారుతుంది. తగ్గితే కొండెక్కుతున్నామనుకుని ఆలస్యంగా, గట్టిగా మారుతుంది.

"మరి గొట్టం చీలితే?" అన్నాను.

"ఇంజను హాయిగా ఉన్నా, గేర్లకి ఎప్పుడూ కొండెక్కుతున్నట్టే ఉంటుందమ్మా."

చపాతీ కర్ర పక్కన పెట్టేశాను. ఉద్యోగం, ఇంటి అప్పు, వీడి చదువు... మావారిదీ అదే పరిస్థితి కదా అనిపించింది.

శనివారం వాడు బండి కిందికి దూరబోతుంటే మావారు బయటికొచ్చారు. ఏమీ అనకుండా చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ చూసి, టార్చిలైటు పట్టుకున్నారు. ముందు మాడ్యులేటర్ దగ్గర గొట్టం ఊడదీశారు. లోపల ఎర్రనూనె కనిపిస్తే డబ్బాలోని పొర చిరిగినట్టేనట. అప్పుడు ఇంజను ఆ నూనెని పీల్చుకుని తెల్లపొగ వదులుతుంది. మాది పొడిగానే ఉంది. తర్వాత వాక్యూమ్ గేజీ పెట్టారు. ఊరికే నడుస్తున్నప్పుడు మంచి ఇంజనుకి 17 నుంచి 21 అంగుళాల దాకా చూపాలి. ఇంజను దగ్గర 18 ఉంది. గొట్టం చివర 7!

"ఇక్కడ బుస్సుమంటోంది చూడరా" అన్నారు మావారు. నెల తర్వాత వాడితో అన్న మొదటి మాట. వేడికి ఎండి, బిరుసెక్కి, చీలిన రబ్బరు ముక్క. కొత్త గొట్టానికి అయిన ఖర్చు ఆరు డాలర్లు. ఆ సాయంత్రం బండి ఎప్పుడు గేరు మార్చిందో కూడా తెలియలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పాత బండి ఉంటే, గేర్‌బాక్సు విప్పించేముందు గొట్టాలు చూడండి. అన్నీ అంత చవగ్గా తేలవు గానీ, చూడటానికి పెద్ద ఖర్చు లేదు.

రాత్రి భోజనాల దగ్గర వాడు తలొంచుకుని చెప్పాడు. "నాన్నా, స్కాలర్‌షిప్పులకి కాగితాలు పోయిన నెలే పంపాను. మూడింటికి." ఆ సంగతి నాకూ తెలీదు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత గిన్నె ముందుకి జరిపి, "పెరుగు వేసుకోరా" అన్నారు. నాతో చెప్పించలేదు, నేరుగా వాడితోనే అన్నారు.