మేడిపువ్వును చూచితిమి

పిల్లలు బడినుండి తెచ్చు ప్రశ్నలలో పద్యమును గూర్చిన దానికి సమాధానము నిఘంటువులో దొరకును. లెక్కకు సమాధానము లెక్కలోనే యుండును. చెట్టును గూర్చిన ప్రశ్నకు సమాధానము చెట్టుకడకు పోయి చూడవలసినదే. ఇంత చిన్నమాట మాకు బోధపడుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. బోధపడిన విధము కొంత సిగ్గుతో గూడినదే యైనను, మావంటి తల్లుల కుపయోగించునేమో యని వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు సంస్కృతపండితులు. వారు మమ్ము బడికి పంపక యింటనే చదివించిరి. అక్షరములు కుదిరిన వెంటనే అమరము మొదలుపెట్టించిరి. తెల్లవాఱుజామున పెరటి యరుగుమీద గూర్చుండి మేము రెండవకాండములోని వనౌషధివర్గమును వల్లెవేయుచుండగా, వారు తులసికోటకు నీళ్లు పోయుచునే మా తప్పులు దిద్దెడివారు. ఏ చెట్టుకు ఎన్ని పేరులో నేటికిని మాకు తడబాటు లేక నోటికి వచ్చును. పెండ్లియై ఉపాధ్యాయుని యింట కాలు పెట్టితిమి. మావారు ఉన్నతపాఠశాలలో గణితము చెప్పుదురు. సాయంకాలము వారు పరీక్షకాగితములు దిద్దుకొనుచుండ, పిల్లలను చదివించు పని మాది.

మా యమ్మాయికి ఎనిమిదేండ్లు, మూడవ తరగతి. అబ్బాయికి ఆఱేండ్లు, ఒకటవ తరగతి. గడచిన శ్రావణమాసమున నొకనాటి రాత్రి అమ్మాయి పరిసరాల విజ్ఞానము పుస్తకము ముందు పెట్టుకొని, “అమ్మా, పువ్వులు పూయని మొక్క పేరొకటి వ్రాయవలెనట. ఏది వ్రాయను?” అని యడిగినది. మేము వంటయింటిలో గిన్నెలు సర్దుచుంటిమి. వెనుకకు తిరిగియైనను చూడక, “మేడిచెట్టు” అంటిమి.

ఆ మాట మేము ఊరక యనలేదు. పువ్వు పూచి కాయ కాచు చెట్టు వానస్పత్యమనియు, పువ్వు లేకయే కాయ కాచునది వనస్పతి యనియు అమరములో నున్నది. వనస్పతికి మేడి నుదాహరణముగా జెప్పుట చిన్ననాట విన్నదే. ప్రక్కగదిలోనుండి మా యత్తగారును, “అవునమ్మా, మేడిపువ్వు నెవరు కన్నారు!” అని వత్తాసు పలికిరి. అమ్మాయి సంతోషముతో వ్రాసికొనినది.

మఱునాటి సాయంకాలము పిల్ల సంచి నొకమూల పడవైచి, మాటలాడక పెరటిలోనికి పోయినది. పుస్తకము తెఱచి చూడగా, మేడిచెట్టు అనుమాటపై ఎఱ్ఱసిరాతో అడ్డగీత. దానిక్రింద “ఫెర్ను, నాచు” అని టీచరుగారి చేతివ్రాత. బుజ్జగించి యడుగగా సంగతి తెలిసినది. మేడికిని పువ్వులున్నవని టీచరుగారు చెప్పిరట. మా పిల్ల లేచి, “మా అమ్మకు సంస్కృతము వచ్చును. మా అమ్మ తప్పు చెప్పదు” అని వాదించినదట. తరగతి యంతయు నవ్వినదట.

మాకు ముందుగా వచ్చినది కోపము. రాత్రి భోజనమువేళ మావారితో, “ఆ టీచరుగారు అమరము చదివియుండరు” అంటిమి. వారు నవ్వలేదు. “చదివియుండకపోవచ్చును. కాయను కోసి చూచియుండవచ్చును గదా” అనిరి. ఆ మాట మాకప్పుడు రుచింపలేదు.

రెండుదినములలో కోపము చల్లాఱినది కాని, అంతకంటె పెద్దది యొకటి మిగిలినది. అమ్మాయి మమ్మడుగుట మానినది. పుస్తకము పట్టుకొని మా ప్రక్కనుండియే నడచి తండ్రి కుర్చీకడకు పోవును. వారు పనిలో నుందురు గనుక, వారి ఫోను తీసికొని, అందులో వెదకి, దొరకినదానిని చూచి వ్రాసికొనును. ఒకనాడు మేమే పిలిచి, “ఏమి ప్రశ్నమ్మా?” అంటిమి. “నీకు తెలియదులే అమ్మా” అన్నది. ఎత్తిపొడుపుగా ననలేదు, మమ్ము నొప్పింపరాదని మెల్లగా నన్నది. అందుచేతనే యది మఱింత నొప్పించినది.

ఆ యాదివారము నాడు మేమే మావారితో, “చెఱువుగట్టునకు పోయి మేడికాయలు తెచ్చుకొందము” అంటిమి. వారు బడినుండి భూతద్దము తెచ్చియుంచిరి. నలుగురమును పోతిమి. గట్టుమీది మేడిచెట్టునకు కాయలు కొమ్మల చివరలను గాక, మోదునకును పెద్దకొమ్మలకును గుత్తులు గుత్తులుగా నంటుకొని యుండును. పచ్చికాయలు, దోరవి, ఎఱ్ఱగా పండినవి ఏఱుకొని యింటికి వచ్చి కత్తిపీటముందు గూర్చుంటిమి.

మొదట నొక పచ్చికాయను రెండు చెక్కలు చేసితిమి. నడుమ డొల్ల. డొల్లచుట్టును గోడకు, గసగసాలు చల్లినట్లు, సన్నని పలుకులు క్రిక్కిఱిసియున్నవి. భూతద్దము పెట్టి చూచితిమి. పలుకులు గావు, పువ్వులు! ఒక్కొక్కదానికి ఒక తొడిమ. తొడిమ మీద చిన్నబొడిపె. బొడిపెనుండి సన్నని నూలుపోగువంటి కొన. లెక్కించుటకు మొదలుపెట్టిన అబ్బాయి నూఱు దాటకుండనే విసిగి విడిచిపెట్టినాడు. మనము కాయ యని పిలుచునది నిజమునకు లోపలికి ముడుచుకొనిన పూలగుత్తి. తంగేడు తన పూలను బయటికి విప్పును. మేడి తన పూలను లోపల దాచుకొనును. భేద మింతే.

పండినదానిని కోయగా చిన్నచిన్న నల్లని పురుగులు బిలబిల బయటికి వచ్చినవి. మేడిపండులో పురుగులుండునని వేమన పద్యమువలన ప్రతిపిల్లకును తెలిసినదే. అవి అక్కడ నేల యుండునో మాత్రము మేమెన్నడును తలపలేదు. మావారు తెచ్చిన వృక్షశాస్త్రగ్రంథము చదువగా తెలిసినది. అవి కందిరీగజాతివి; చీమకంటె చిన్నవి. కాయకొన నొక సన్నని రంధ్రము గలదు. ఆడుపురుగు తాను పుట్టిన మేడినుండి పుప్పొడిని మోసికొని వచ్చి, ఆ రంధ్రమున దూఱును. దారి యెంత యిఱుకనగా, దూఱునపుడు సాధారణముగా రెక్కలు తెగిపోవును. లోపల కొన్ని పూలలో గ్రుడ్లు పెట్టును. కొన్నిటికి పుప్పొడి నందించును. అక్కడనే ప్రాణము విడుచును. దాని పిల్లలు ఒక్కొక్క పువ్వులో నొక్కొక్కటిగా పెరుగును. ఱెక్కలులేని మగపురుగులు ముందు వెలువడి, ఆడువానికి దారి తొలుచును. ఆడుపురుగులు పుప్పొడి నెత్తుకొని వేఱొక మేడికి ఎగిరిపోవును. మేడి లేక ఆ పురుగునకు పుట్టిల్లు లేదు. ఆ పురుగు లేక మేడికి విత్తనము లేదు.

ఇది చదువుచుండగా మాకు అమరములో మేడికి గల పేర్లు జ్ఞప్తికి వచ్చినవి. అందులో నొకటి జంతుఫలము. ఎన్నివేలమాఱులు ఆ పేరు వల్లెవేసితిమో! ఆ ఫలమునకు ఆ పేరేల వచ్చెనని యొక్కమాఱైనను అడుగలేదు. పేరు పెట్టిన పెద్దలు పండును విప్పి చూచియే పెట్టిరి. మేము పేరు మాత్రము తీసికొని, చూపును విడిచిపెట్టితిమి. పువ్వు బయటికి కనబడదు గనుక పువ్వు లేనిదని భూతద్దములేని కాలపువారు చెప్పిన చెప్పవచ్చును. చేత కత్తిపీటయు, గట్టున చెట్టును ఉండి చూడకపోవుట మా తప్పు.

ఆ రాత్రి అమ్మాయిని దగ్గఱ గూర్చుండబెట్టుకొని, “ఆనాడు అమ్మ చెప్పినది తప్పు. చూడకయే చెప్పినది” అంటిమి. బిడ్డతో తప్పు నొప్పుకొనిన గౌరవము పోవునని మాకు లోలోపల భయమే. పిల్ల కొంతసేపు మా మొగము చూచి, “అయితే రేపు ఒక కాయ బడికి తీసికొని పోదునా?” అని మాత్రమడిగినది. టీచరుగారు దానిని కోసి తరగతికంతకు చూపిరట. మఱుసటివారము పిల్ల పుస్తకము పట్టుకొని మరల వంటయింటికే వచ్చినది.

అప్పటినుండి మాయింట నొక నియమ మేర్పడినది. చెట్టును గూర్చి యేమి యడిగినను, ముందు చూతము, తరువాత చెప్పుకొందము. దీనికి కావలసిన సామగ్రి ప్రతి వంటయింటను గలదు. బంగాళాదుంపను కొన్నాళ్లు మూలనుంచిన, దాని కన్నులనుండి మొలకలు లేచును; కావున నది భూమిలో దాగిన కాండము. చిలగడదుంపకు అట్టి కన్నులు లేవు. అది ఊరిన వేరు. ఉల్లిగడ్డను పొరలు పొరలుగా విప్పిచూచిన, అవి బలిసిన ఆకుల మొదళ్లని తెలియును.

విత్తనము మొలచుటకు వెలుతురు కావలెనా యని అబ్బాయి యడిగినాడు. కావలెనని మా నోటిదాక వచ్చినది, ఆపుకొంటిమి. తడిదూదిపై పెసలు వేసి ఒక గిన్నెను కిటికీలోను, ఒకదానిని మూతపెట్టిన డబ్బాలోను ఉంచితిమి. పొడిదూదిపై మూడవగిన్నె. పొడివి కదలలేదు, తక్కినవి రెండును మొలచినవి. పైగా చీకటిలోనివే పొడవు! “చీకటే మంచిది” అని అబ్బాయి తీర్పు చెప్పినాడు. తొందరపడకుమని మఱికొన్నాళ్లుంచితిమి. చీకటిలోనివి పాలిపోయి, పసుపుపచ్చనై వాలిపోయినవి. గింజలో దాచుకొనిన గ్రాసము ఉన్నంతవఱకే వాని ఎదుగుదల. పెసలకు మొలచుటకు నీరును గాలియు చాలును. బ్రదుకుటకు వెలుతురు కావలెను.

చెట్టు మన్ను తినునా యని అమ్మాయి యడిగినప్పుడు మావారు వాన్ హెల్మాంటు అను నతని కథ చెప్పిరి. అతడు రమారమి 90 కిలోల ఎండిన మట్టిని తొట్టిలో పోసి, రెండుకిలోలకు కొంచెము మించిన విల్లోమొక్కను నాటి, 5 ఏండ్లు నీరు మాత్రమే పోసెను. చెట్టు దాదాపు 77 కిలోలైనది. మట్టిలో తగ్గినది 60 గ్రాములలోపే. ఈ వృత్తాంతము అతడు గతించిన పిమ్మట 1648లో అచ్చయినది. అంతటి ఓర్పరియు, చెట్టంతయు నీటినుండియే వచ్చినదని తలచి పొరబడెను. గాలిని లెక్కింపలేదు. 1771లో ప్రీస్ట్లీ, మూసిన పాత్రలో పుదీనామొక్క చెడినగాలిని బాగుచేయునని చూచెను. ఆ పని చేయునవి పచ్చనిభాగములే యనియు, అందుకు సూర్యకాంతి కావలెననియు ఇంగెన్‌హౌస్ 1779లో వెల్లడించెను. ఆకులు గాలిలోని బొగ్గుపులుసువాయువును, వేళ్లు పంపిన నీటిని కలిపి, ఎండసాయమున ఆహారము వండుకొనును. మంటినుండి వచ్చునవి స్వల్పమైన లవణములే. కాని యవి లేక చెట్టు బ్రదుకదు. ఒకడు చూచినదానిని మఱియొకడు దిద్దుచు వచ్చిన విద్య యిది. మేము తప్పితిమని మాత్రమే ఏల క్రుంగవలెనని ధైర్యము కలిగినది.

సోదరీమణులారా, బిడ్డ అడిగిన వెంటనే సమాధానము చెప్పుట ప్రేమయని మనమనుకొందుము. ఫోనులోనుండి తీసి చెప్పుటయు, అమరమునుండి తీసి చెప్పుటయు ఒకటే; రెండింటిలోను బిడ్డ చేతిలో కాయ లేదు. “తెలియదు, చూతము రా” అనుమాటవలన తల్లికి లోపము రాదని మాకు మేడికాయ నేర్పినది.

నిన్న అమ్మాయి అరటిపండు తినుచు, “అమ్మా, దీనిలోని నల్లచుక్కలేమి?” అని యడిగినది. అవి విత్తనములు కాజాలక నిలిచిపోయినవని మాకు ముందే తెలియును. ఐనను చెప్పలేదు. కత్తియు, భూతద్దమును తెమ్మంటిమి.