పీపాలోని వాయువు

బడిపంతులు బీరు పీపాలను గూర్చి వ్రాయుటయా యని చదువరులలో కొందరు బొమలు ముడివైతురేమో. మేము మద్యము ముట్టినవారము కాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారావ్యతిరేకోద్యమము మా యూరికిని ప్రాకినప్పుడు, నిక్కరు తొడిగిన బాలురమై, నినాదము వ్రాసిన పలక పట్టుకొని ఊరేగింపు ముందర నడచితిమి. 1995 జనవరిలో మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. మా యభిప్రాయము మాత్రము సడలలేదు. అయినను గత వేసవిలో బెంగళూరునందలి యొక చిన్న బీరు తయారీశాలలో రెండు గంటలు నిలిచి, పీపాలో వాయువును ఎట్లు నిలువజేయుదురో తెలిసికొని వచ్చితిమి. తెలిపినవాడు మా పూర్వశిష్యుడు, ఈడిగవారి బిడ్డ. అనంతపురమునకు దక్షిణమున ఒక వంక గట్టుననున్న ఈతచెట్లు గీచి వాని తండ్రి వానిని చదివించినాడు.

క్రొత్త రకములను పరీక్షించుటకై తీయు చిన్న కాపులను అచట 20 లీటర్ల ఉక్కు పీపాలలో నింపుదురు. పులియుట ముగిసిన బీరు చప్పిడిగా నుండును. పులియునపుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు చాలవరకు పైకి పోయియుండును. పోయినదానిని మరల చేర్చుటయే యిచటి పని. పీపాలోని గాలిని ముందు వెడలగొట్టుదురు. ప్రాణవాయువు తగిలినచో బీరునకు తడిసిన అట్టవాసన పట్టునట. పిమ్మట పీపాను 4 డిగ్రీల చలిలో నుంచి, సిలిండరునుండి చదరపు అంగుళమునకు 12 పౌనుల ఒత్తిడి పెట్టి, వారము పది దినములు దాని జోలికి పోరు. అప్పటికి లీటరు పానీయములో రెండున్నర లీటర్ల వాయువు కరగియుండును. ఒత్తిడి యెంత హెచ్చునో ద్రవమున కరగు వాయువును అంత హెచ్చునని 1803లో విలియం హెన్రీ నిరూపించెను. చలి సంగతియు చిన్నది కాదు. సాధారణ వాతావరణపు ఒత్తిడిలో 0 డిగ్రీల నీరు తన పరిమాణమునకు 1.7 రెట్లు వాయువును పట్టును. 40 డిగ్రీల నీరు సగమునకు కొంచెము మించి మాత్రమే పట్టును. మా అనంతపురపు మేనెలలో పీపాను వసారాలో నుంచినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఈతకల్లు దింపిన కొన్ని గంటలకే నురుగు గట్టును. ఆ కుండకు గీతగాడు మూత బిగింపడు.

"తొందరగా కావల్లంటే ఇంకో దారి ఉంది సార్. 30 పౌనులు పెట్టి పీపాను ఊపితే ఒక పూటలో అయిపోతాది. కానీ ఎంత ఎక్కిందో లెక్క తెలీదు. కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగే" అని మా శిష్యుడు నవ్వెను. సరిగా నిలువ చేసిన పీపానుండియు నురుగే వచ్చుట కలదట. అందుచేత పీపాకును కుళాయికిని నడుమ రెండు మూడు మీటర్ల సన్నని గొట్టము చుట్టియుంచి, ఆ పొడవునందే ఒత్తిడి తగ్గునట్లు చేయుదురు.

సోడానీరు సైతము బీరుశాల బిడ్డయే. 1767లో ఇంగ్లండునందలి లీడ్సు పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్లీ తన యింటి ప్రక్క బీరుశాలలో పులియుచున్న తొట్లపై నీటిని పట్టి, ఆ వాయువు నీటిలో కరగుట కనుగొనెను. మా నిషేధపు ఊరేగింపు ముగియగానే పెద్దలందరు గోలీసోడా త్రాగిన సంగతి జ్ఞప్తికి వచ్చి మేమును నవ్వితిమి.

కాని నవ్వుట కొరకు మేము అంతదూరము పోలేదు.

మా తాతగారు వైద్యము తెలిసినవారు. దశమూలారిష్టము ఇంటనే చేసెడివారు. కషాయములో బెల్లము, తేనె, ధాతకీపుష్పములు చేర్చి, కుండమూతికి గుడ్డ చుట్టి మన్ను మెత్తి, ధాన్యపు రాశిలో నెల దినములు పాతిపెట్టెడివారు. తీసిననాడు వెలిగించిన వత్తిని కుండలోనికి దింపుదురు. వత్తి ఆరినచో వాయువింకను పుట్టుచున్నదని గుర్తు, నిలిచి వెలిగినచో సంధానము పూర్తియైనదని గుర్తు. బాలింతలకు అది అమృతమని మా యింట నమ్మిక. దానిలో నూటికి అయిదు మొదలు పది పాళ్ల వరకు మద్యసారము స్వయముగా పుట్టును. అంగడి సీసాలమీద నీ మాట అచ్చువేయుదురు కూడ. బీరులో సాధారణముగా నుండునది అయిదే. సంస్కృతమున పేరున్నదానిని ఔషధమనియు, చెట్టునుండి దిగినదానిని పాపమనియు పిలుచుచు మేము పెరిగితిమి.

పదునైదేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో ఆంగ్లపాఠము చెప్పుచుండగా ఈ బాలుని చొక్కానుండి కల్లువాసన వచ్చినది. ఏమి, ఎట్లు అని అడుగలేదు. నలువదిమంది యెదుట వానిని, వాని కులవృత్తిని కలిపి రెండు మాటలని, గంట ముగియువరకు వెలుపల ఎండలో నిలువబెట్టితిమి. ఆ సాయంకాలము మా యింట బిడ్డ పుట్టిన సంబరము. మా భార్యకు అరిష్టము కొలిచి పోసినది మేమే. ఈ రెంటిని ఒకచోట పెట్టి చూచుటకు మాకు పదునైదేండ్లు పట్టినది.

త్రోవ పొడుగునను కూర్చుకొన్న మాటలను పీపాల నడుమ ఎట్లో వానికి చెప్పితిమి. వాడు మీటరు ముల్లు చూచుచు కొంతసేపు ఊరకుండెను.

"గుర్తుంది సార్. ఆ దినం నేను తాగలేదు. నాయన కాలికి ముల్లిరిగింటే పొద్దున కుండ నేనే మోసినా. తొణికింది."

అప్పుడే చెప్పియుండవలసినదని నోటిదాక వచ్చినది. చెప్పనిచ్చిన దెవరు? మానితిమి.

వాడు చివరనున్న పీపా కుళాయి త్రిప్పి ఒక గ్లాసు నింపి యిచ్చెను. మేము వెనుకాడుట చూచి, "బీరు కాదు సార్, అల్లం సోడా. మీరు వస్తామని ఫోను చేసిన దినమే గ్యాసు పెట్టినా. తొమ్మిది దినాలైంది" అనెను.

త్రాగితిమి. అల్లపు ఘాటు కొంచెము హెచ్చినది.