సరిహద్దుకు ఇవతలి కన్నడం

ఆదోని

అక్కయ్యకు,

బాస్క్ సాహిత్యంలో ప్రవాసం అనగానే జొసెబా సర్రియొనాందియా పేరే ముందు చెబుతారు. 1985లో జైలు నుంచి తప్పించుకుని, 2021 దాకా స్వదేశానికి రాకుండా, తన భాషలోనే రాస్తూ వచ్చిన కవి ఆయన. ఆదోని కన్నడిగులకు అలాంటి కథ లేదు. వాళ్లనెవరూ తరమలేదు, ఫ్రాంకో పాలనలో బాస్క్‌ను అణచినట్టు వాళ్ల భాషనెవరూ అణచలేదు. అయినా ఇక్కడా ఒక ప్రవాసం ఉందనే నేనంటాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను మనకిచ్చారు, మిగిలినవి మైసూరుకు పోయాయి. ఇళ్లూ పొలాలూ గుళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి, కచేరీ భాష మారింది. ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి తెలుగులో అర్జీ పెట్టుకుంటాడు. తరాలు గడిచేకొద్దీ మాట మిగిలి రాత పోతుంది, రాత పోయినవాడికి తన భాషలోని పుస్తకం పరాయిదవుతుంది. ఊరు విడవకుండానే జరిగే ఈ వెలిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నాకు బాధ కలిగించేది అదే. ఇదేమీ కన్నడ సాహిత్యానికి పొలిమేర నేల కాదు. హరిదాసుల్లో ఎన్నదగిన విజయదాసు 1755లో కన్నుమూసింది ఆలూరు వైపునున్న చిప్పగిరిలోనే.

కన్నడానికి ఎనిమిది జ్ఞానపీఠాలున్నాయి, పక్కనే సొంత రాష్ట్రముంది, దిక్కులేని బాస్క్‌తో దానికి పోలికేమిటని నువ్వడుగుతావు. న్యాయమైన ప్రశ్నే. కానీ బాస్క్ కూడా సరిహద్దుకు రెండు వైపులా ఉన్న భాష. స్పెయిన్ వైపు స్వపరిపాలన ప్రాంతంలో 1979 నుంచి దానికి అధికార హోదా ఉంది, ఫ్రాన్సు వైపు ఊళ్లలో ఈనాటికీ లేదు. ఆదోనిని పోల్చవలసింది ఆ ఫ్రాన్సు వైపు ఊళ్లతో. బెంగళూరులో భాషకున్న బలం ఇక్కడి తరగతి గదిలోకి దానంతటది నడిచి రాదు. ఇదే మాటను తిరగేసి చూడు. ఆంధ్ర నాటక పితామహుడని మనం గౌరవించే ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆయనకు సమకాలికుడైన కోలాచలం శ్రీనివాసరావు, ఆ తర్వాత నటుడు బళ్లారి రాఘవ, ముగ్గురూ తెలుగు రంగస్థలాన్ని నిలబెట్టింది బళ్లారిలో. అక్కడి తెలుగు పిల్లలకు తెలుగు బడి ఉండాలని మనం కోరుకుంటే, ఆదోని కన్నడ పిల్లల విషయంలో మరో న్యాయం చెప్పలేం.

ఎమ్మిగనూరు

అక్కయ్యా,

ఇంకో అభ్యంతరం ఉంది, దానికి బరువెక్కువ. ఇక్కడివాళ్లు రెండు భాషలూ అలవోకగా మాట్లాడతారు, సంతలో ఎవరికీ ఇబ్బంది లేదు, పిల్లలకు కూడు పెట్టేవి తెలుగూ ఇంగ్లీషూ, అలాంటప్పుడు లేని గాయాన్ని ఎందుకు కెలకాలి? రెండు భాషలు రావడం సంపదే, అందులో నాకు సందేహం లేదు. బెర్నార్డో అచాగా 1988లో 'ఒబాబాకోఆక్'ను బాస్క్‌లో రాసి, తర్వాత స్పానిష్‌లోకి తానే మార్చుకున్నాడు. స్పెయిన్ జాతీయ బహుమతి బాస్క్ పుస్తకానికే వచ్చింది. రెండో భాష ఆయనకు అదనంగా చేరింది, మొదటిదాన్ని వదులుకోవలసి రాలేదు. అలా జరగాలంటే మొదటి భాషలో చదవడం, రాయడం చిన్నప్పుడే రావాలి. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. ఈ పడమటి మండలాల్లో కన్నడ మాధ్యమ ప్రభుత్వ బడులూ ఉన్నాయి, డీఎస్సీలో కన్నడ పంతులు పోస్టులూ ఉంటాయి. ఆ బడి దాటాక కన్నడంతో ఏం పని పడుతుందన్నది తల్లిదండ్రుల ప్రశ్న, ఆ ప్రశ్నకు ప్రేమతో జవాబు చెబితే చాలదు.

బాస్క్ తల్లిదండ్రులు దానికి జవాబు సహకార పద్ధతిలో వెతికారు. ఇకస్తోలా అనే బాస్క్ బడులను చాలాచోట్ల తల్లిదండ్రులే సంఘాలుగా ఏర్పడి నడిపారు. ప్రభుత్వ గుర్తింపు లేని ఫ్రాన్సు వైపు 1969లో సెయాస్కా అనే సంస్థ అలాగే పుట్టింది. ఎమ్మిగనూరుకు ఈ దారి కొత్త కాదు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టేనాటికి ఈ ఊరు బళ్లారి జిల్లాలోనే ఉంది. మగ్గానికి సంఘం కట్టుకున్న నేల బడికీ కట్టుకోగలదు. పిల్లలకు పుస్తకాలు, సాయంత్రం చదువు, ఊరి గ్రంథాలయంలో ఒక కన్నడ అలమర, ఇవి సంఘం చేయదగ్గ పనులు. పంతులు పోస్టు ఖాళీ అయితే ఆ ఏడే నింపడం ప్రభుత్వం పని, దాన్ని తల్లిదండ్రుల మీదికి నెట్టకూడదు.

రేపు మంత్రాలయం వెళుతున్నాను. అక్కడి నుంచి రాస్తాను.

నీ తమ్ముడు