మా పెరట్లో కొలిమి

రిటైరైన మనిషి ఏం చెయ్యాలో మన బెజవాడలో ఒక లెక్క ఉంది. పొద్దున్నే కాలవగట్టు మీద నడక, శుక్రవారం కొండ మీద అమ్మవారి దర్శనం, మధ్యలో పేపరు, సాయంత్రం మనవల హోంవర్కు. ముప్ఫై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన నేను మాత్రం ఈ లెక్కలో ఇమడలేదు. 2021లో రిటైరయ్యాక ఏడాది తిరక్కుండానే పెరట్లో కొబ్బరిచెట్టుకి ఎడంగా కొలిమి పెట్టుకున్నాను.

"ఉల్లిపాయ తెగే కత్తి లేదు మొర్రో అంటుంటే, ఇంట్లో కమ్మరికొట్టం పెడతారా?" అంది మా ఆవిడ.

మా ఇల్లు పటమటలో. పక్కనే ఆటోనగర్ కాబట్టి సుత్తి చప్పుడు ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. పొగ సంగతి వేరనుకోండి. ఎదురింటివాళ్ళు బట్టలు ఆరేశారో లేదో చూసుకుని గానీ వెలిగించను.

సరంజామాకి పెద్దగా ఖర్చు కాలేదు. లారీ బ్రేకు డ్రమ్ము ఒకటి బోర్లించకుండా పెడితే అదే కొలిమి. అడుగున గొట్టం, దానికి చేత్తో తిప్పే పాత బ్లోయరు. బొగ్గులు ఇస్త్రీ బళ్ళవాళ్ళు కొనే కొట్లోనే. దాగలికి మాత్రం వెతకాల్సొచ్చింది. రైలుపట్టా ముక్క అయితే భేషుగ్గా ఉంటుందన్నారు గానీ, లెక్కాపత్రం లేకుండా రైల్వే ఇనుము ఇంట్లో ఉంటే 1966 నాటి చట్టం ఊరుకోదు. వేలంలో పాడుకున్న పాత ఇనుము వ్యాపారి దగ్గర బిల్లుతో సహా కొన్నాను. ఆ బిల్లు ఇంటి దస్తావేజుల పక్కన భద్రంగా ఉంది!

ఇక గురువు కావాలి. ఉయ్యూరుకీ గుడివాడకీ మధ్య ఉంటుంది మా సొంత ఊరు. అక్కడి కమ్మరి ఆచారిగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. నేను చిన్నప్పుడు నాగలికర్రు సాగగొట్టించుకు రమ్మని మా నాన్న పంపితే వేపచెట్టు కింద ఆ కొలిమి దగ్గరే గంటలు గడిపేవాణ్ణి. వెళ్ళి, "సరదాగా నేర్చుకుందామని వచ్చానండీ" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "సరదానా మాస్టారూ? మా అయ్య నాకు పట్కారు కాడతో కొట్టి నేర్పాడు. ఈ ముక్క మొదటిసారి వింటున్నా" అన్నాడు.

ఆయన బాధలో అర్థముంది. వాళ్ళ నాన్న రోజుల్లో కూలి డబ్బుల్లో లేదు. ఏడాది పొడుగునా రైతు పనిముట్లన్నీ చూసినందుకు కళ్ళంలో మేర కొలిచేవారు. ట్రాక్టరు వచ్చాక కర్రు పోయింది. టైరుబళ్ళు వచ్చాక చెక్క చక్రానికి ఇనుప కమ్మీ ఎక్కించే పని పోయింది. అది ఊరంతా చేరి చూసే పండగలా ఉండేది లెండి. పిడకల మంటలో కమ్మీని కాల్చి, ఎర్రగా ఉండగానే చక్రానికి తొడిగి నీళ్ళు గుమ్మరిస్తే, చల్లారుతూ బిగుసుకుని చెక్కని పట్టేసేది. చివరికి కోతమిషను వచ్చి కొడవలినీ అటకెక్కించింది. ఆచారిగారి అబ్బాయి ఆటోనగర్‌లో వెల్డింగు చేస్తాడు.

"మీ వాడికి నేర్పలేదేం?" అని అడిగాను.

"వాడికి నేర్పితే అన్నం పెట్టదు మాస్టారూ. మీకు పెన్షనుంది. మీకు నేర్పితే పాపం లేదు" అన్నాడు.

అలా చేరాను బళ్ళో.

మొదటి నెల ఒక్క దెబ్బ కూడా కొట్టనివ్వలేదు. నిప్పు చూడమన్నాడు. ఆయన దగ్గర ఇనుముకి రంగులే అంకెలు. పండుమిరప రంగు, నారింజ, చామంతి. నా లెక్కల బుర్ర ఊరుకోక పుస్తకాలు తిరగేస్తే, ఆ మిరపపండు ఎనిమిది వందల సెంటీగ్రేడు దరిదాపుల్లో, చామంతి పదకొండు వందల దగ్గర తేలాయి. చామంతి దాటి తెల్లబడి, చిటపటమని చుక్కలు రాలాయంటే ఇనుము కాలిపోతున్నట్టే. కమ్మరికొట్టం ఎప్పుడూ చీకటిగా ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది. ఎండలో ఈ రంగులు కనబడవు.

ఉక్కుని ఎర్రగా కాలిస్తే 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పదును పెట్టడానికి ముంచాల్సింది ఆ దాటిన కాసేపట్లోనే. నేను జేబులో అయస్కాంతం పెట్టుకెళ్ళి ఆయనకి తెలియకుండా చూశాను. ఆయన "ఇప్పుడు" అన్న ప్రతిసారీ అది అంటుకోలేదు. పదునంటే సాన పట్టడం అనుకునేరు. కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచి గట్టిపరచడం అది. అక్కడితో వదిలేస్తే గాజులా పుటుక్కుమంటుంది. మళ్ళీ సన్న సెగ మీద గడ్డిరంగు వచ్చేదాకా కాచి, కాస్త మెత్తబరచాలి.

ఉక్కంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషువాళ్ళ 'వూట్జ్' మన 'ఉక్కు' మాటే అంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు మన బందరు రేవు మీదుగా పర్షియా వెళ్ళేది. దాని గుట్టేమిటో తేల్చాలని లండన్లో ఫారడే అంతటివాడు 1819లో పరీక్షలు చేశాడు. ఈ సంగతి ఆచారిగారికి చెబితే, "తేలిందా?" అన్నాడు. అప్పటికి పూర్తిగా తేలలేదన్నాను. చాలా సంతోషించాడు.

మీలో ఎవరికైనా మోజు పుడితే రెండు మాటలు. నూలుబట్టలే కట్టుకోండి, నైలాను ఒంటికి అంటుకుపోతుంది. జింకు పూత ఉన్న గొట్టాలు నిప్పులో పెట్టకండి, ఆ పొగ ఛాతీ పట్టేస్తుంది. నల్లగా ఉంది కదా అని ఇనుముని ముట్టుకోకండి. నల్లటి ఇనుము కూడా మూడు నాలుగు వందల డిగ్రీలుంటుంది.

ఏడాదికి నా చేతి కింద కొక్కేలు, అట్లకాడ, లారీ కమాను పట్టీతో మా ఆవిడ కత్తిపీటకి కొత్త అలుగు తయారయ్యాయి. ఆవిడ ఇప్పుడు కొలిమిని ఏమీ అనదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి డెల్టా అంతా నీళ్ళలో పడుకుంది. మామూలు కోతమిషను ఆ బురదలో దిగబడుతుంది. గొలుసుల మిషను దొరకదు, దొరికినా అద్దె మండిపోతుంది. పడిపోయిన చేనుకి మనిషే దిగాలి, చేతిలో కొడవలి ఉండాలి. అటకల మీంచి తుప్పుపట్టిన కొడవళ్ళు దిగాయి. పళ్ళరిగిపోయాయి. కక్కు కొట్టేదెవరు?

"మాస్టారూ, నా తిత్తి చిరిగి ఎన్నాళ్ళో అయింది. మీ ఫ్యాను పట్టుకు రాగలరా?" అని ఫోను. బ్లోయరు గోనెసంచిలో కట్టి బస్సెక్కాను.

మూడు రోజులు వేపచెట్టు కింద పని నడిచింది. కొడవలిని ఎర్రగా కాల్చి బూడిదలో పెట్టి నెమ్మదిగా చల్లార్చడం నా వంతు. అలా మెత్తబడ్డాక ఆచారిగారు సన్న ఉలితో ఏటవాలుగా పళ్ళు కొట్టేవాడు. వేలికొలత లేదు, గీత లేదు, ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ తేడా లేదు. మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచడం. గట్టు మీద ఆడవాళ్ళు, రైతులు నిలబడి ఉన్నారు, ఒక్కో గంట ఆలస్యమైతే ఒక్కో మడిలో గింజ మొలకెత్తుతోందని. నా వేడి ఎక్కువైతే చెడేది నా అట్లకాడ కాదు, ఆ మనిషి కొడవలి. అన్నాళ్ళ సరదాలో లేని భయం ఆ మూడు రోజులూ ఉంది.

రెండో సాయంత్రం ఆటోనగర్ నుంచి వాళ్ళబ్బాయి వచ్చాడు. ఏమీ అడక్కుండా బ్లోయరు పిడి నా చేతిలోంచి తీసుకుని తిప్పడం మొదలెట్టాడు. తండ్రి చూసి, చూడనట్టు ఊరుకున్నాడు.

చివరిరోజు ఆచారిగారు వచ్చిన డబ్బు మూడు వాటాలు వేసి ఒకటి నాకిచ్చాడు. వద్దన్నాను. "కూలి వద్దంటే మళ్ళీ సరదా అంటారు. తీసుకోండి" అన్నాడు. తీసుకున్నాను.

ఈమధ్య ఆయన కళ్ళకి శుక్లాలొచ్చాయి. ఏళ్ళ తరబడి కొలిమి వేడి చూసినవాళ్ళకి అవి రావడం మామూలేనని డాక్టరు చెప్పాడట. నేనూ అప్పటినుంచి కొలిమి అద్దాలు పెట్టుకుంటున్నాను. ఆపరేషను సంక్రాంతి వెళ్ళాకేనని ఆయన పట్టు. పోయిన ఆదివారం వెళ్ళేసరికి ఎవరిదో గునపం నిప్పులో ఉంది. ఆయన దాని వైపే మొహం పెట్టి కూర్చుని, "ఏ రంగొచ్చింది మాస్టారూ?" అన్నాడు.

"పండుమిరప."

"ఇంకాస్త ఉంచండి."