పంటికి గుంజ

మన ఇళ్లలో ఆడవాళ్ల పంటినొప్పికి మొదటి మందు లవంగం. దానికీ లొంగకపోతే రూట్ కెనాల్. నొప్పి తగ్గాక ఇక ఆ పన్ను సంగతి ఎవరికీ గుర్తుండదు. మా అత్తయ్యగారూ అంతే. "నొప్పి లేదుగా, మళ్లీ క్యాప్‌కి డబ్బులెందుకు" అని ఆపేశారు. సంక్రాంతికి జంతిక కొరికితే పన్ను పైభాగం సగానికిపైగా ఊడొచ్చింది.

"పీకించేద్దామమ్మాయ్, 68 ఏళ్లొచ్చాయి, నాకింకా ఈ ఖర్చెందుకు" అన్నారు. మామయ్యగారి కంటి ఆపరేషన్‌కి, పిల్లాడి కోచింగ్‌కి అడ్డురాని లెక్క ఆవిడ పంటి దగ్గరే ఎందుకొచ్చిందో! వినకుండా తీసుకెళ్లాను.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ చెప్పింది మీకూ పనికొస్తుంది. వేరు బాగానే ఉంది, క్యాప్ నిలవడానికే పైన పట్టు లేదు. అందుకని వేరులో నింపిన మందు కొంత తీసి, అడుగున 4-5 మిల్లీమీటర్లు అలాగే ఉంచి, సన్నటి ఫైబర్ పోస్ట్ అతికిస్తారు. దానిమీద పంటి ఆకారం కట్టి క్యాప్ వేస్తారు. పందిరికి గుంజ పాతినట్టన్నమాట. గుంజ పందిరిని మోస్తుంది కానీ నేలను గట్టిపరచదు కదా, పోస్ట్ కూడా పంటికి బలమివ్వదు. బలమంతా మిగిలిన సొంత పన్నుదే. చిగురుపైన చుట్టూ 2 మిల్లీమీటర్ల పన్నైనా ఉంటే, బండిచక్రానికి ఇనప పట్టా బిగించినట్టు క్యాప్ దాన్ని పట్టి ఉంచుతుంది. అది లేకుండా భారమంతా పోస్ట్ మీదే వేస్తే వేరు చీలొచ్చు. నిలువునా చీలితే ఇక పీకడమే.

అత్తయ్యగారి పన్ను ఒక పక్క చిగురుదాకా విరిగింది. పైగా షుగర్, తోముకుంటే రక్తం. క్యాప్ అంచుని చిగురులోపలికి లోతుగా దింపితే ఆ చిగురు ఎప్పటికీ ఎర్రగా, వాచే ఉంటుందట, కింద ఎముకా కరుగుతుందట. అందుకే ముందు క్లీనింగ్ చేసి, షుగర్ అదుపులోకొచ్చాక, అక్కడ చిగురు, ఎముక కాస్త తగ్గించి పన్ను బయటపెట్టారు. అది మానాకే క్యాప్ కొలతలు. చెట్టుకి చిగురు కొమ్మ చివర, పంటికి మొదట్లో. ఎక్కడున్నా లేతదే, తొందరపెడితే ఊరుకోదు.

ఇప్పుడు రోజూ రాత్రి క్యాప్ అంచు వెంట మెత్తటి బ్రష్, పళ్ల సందుల్లో బుల్లి బ్రష్. ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. ఎందుకంటే నరం తీసేసిన పన్ను లోపల పుచ్చినా జివ్వుమనదు. మన అమ్మలూ అత్తలూ కూడా చాలామంది అంతేగా, బాధున్నా బయటపడరు.

రూట్ కెనాల్ అయి క్యాప్ లేకుండా వదిలేసిన పన్ను మీ ఇంట్లో ఎవరికైనా ఉందేమో ఈ వారమే అడగండి. మీ నోరు కూడా ఓసారి అద్దంలో చూసుకోండి.