ఒకటేమో చలి... మరి రెండోది?

ఇంగ్లీషువాళ్ళు కారణాలు చెప్పడంలో ఒక తమాషా ఉంది. ఏదైనా ఎందుకు వద్దంటున్నారని అడిగితే “ఫర్ వన్ థింగ్” అని మొదలుపెడతారు. కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి అని దానర్థం. రెండోది చెప్పాలనిపిస్తే “ఫర్ అనదర్” అని కలుపుతారు. చెప్పకపోయినా తప్పులేదు! ఉన్నది ఒకే కారణమైతే మాత్రం ఈ మాట అక్కర్లేదు, “బికాజ్” చాలు.

మనకీ ఇలాంటివి లేకపోలేదు. “ఒకటేమో ఎండ, అదీగాక బస్సు దొరకలేదు” అంటాం. విసుగొస్తే “ఒకటా, రెండా!” అని ఊరుకుంటాం. లెక్కలేనన్ని ఉన్నాయంటాం గానీ ఒక్కటీ చెప్పం.

మా అమ్మ తెనాలి నుంచి స్కార్‌బరో వచ్చాక ‘లింక్’ తరగతుల్లో చేరింది. కొత్తగా వచ్చి స్థిరపడేవారికి కెనడా ప్రభుత్వం 1992లో మొదలుపెట్టిన ఉచిత ఇంగ్లీషు పాఠాలవి. 68 ఏళ్ళ వయసులో పుస్తకాల సంచీ తగిలించుకుని వెళ్ళేది. అక్కడ నేర్చుకున్న వాటిలో ఆవిడకి బాగా నచ్చిన మాట ఇదే. మనవడికి చాక్లెట్టు ఎందుకివ్వదో కూడా “ఫర్ వన్ థింగ్” అనే చెప్పేది!

మొన్న జనవరిలో ఒక రాత్రి “నేనిక ఇండియా వెళ్ళిపోతానే” అంది.

“ఎందుకమ్మా?”

“ఫర్ వన్ థింగ్, చలి. 2023 జులైలో ఆ స్కార్‌బరో ఆర్.టి. రైలు ఆగిపోయిన దగ్గర్నుంచీ బస్సులే గతి. మంచులో నిలబడలేకపోతున్నా.”

మా ఆయన వెంటనే “మంచి కోటు కొందాం అత్తయ్యగారూ, క్లాసుకి నేను దింపుతాను” అన్నారు.

అమ్మ తలూపింది కానీ ముఖం మారలేదు. “ఒకటి చెప్పావు. మరి రెండోది?” అన్నాను.

కాసేపటికి తెలుగులోనే చెప్పింది. “మీరు పొద్దున్న వెళ్తే మళ్ళీ సాయంత్రం దాకా నా నోట తెలుగు ముక్క రాదే. క్లాసులో ఇంగ్లీషు, ఇంట్లో గోడలు. పిల్లాడు నేనడిగినదానికి ఇంగ్లీషులో ఓ మాట చెప్పి గదిలోకి పోతాడు. వాడితో మాట్లాడ్డానికేగా నేనా క్లాసుకి వెళ్ళేది!”

కోటు కొంటే తీరే కారణం కాదది.

మన పెద్దవాళ్ళు మొదట మనల్ని నొప్పించని కారణమే చెబుతారు. చలి, మోకాళ్ళ నొప్పులు, నీళ్ళు పడకపోవడం. రెండోది అడిగితేనే బయటికొస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర తెలుగే మాట్లాడాలి. వాడు తడుముకుంటాడు, అమ్మ అందిస్తుంది. టిక్కెట్టు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.