కొన్ని పాలూ పాలే

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎక్కడైనా అంగన్‌వాడీల్లో, ఆసుపత్రుల్లో ఒకటే మాట: పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. మంచి మాటే. కానీ అది విని తల దించుకునే తల్లులూ ఉంటారు. నేనూ అలా దించుకున్నదాన్నే.

పెళ్లికి ముందు నాకు రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ జరిగింది. సోకు కోసం కాదు. మెడనొప్పి, వీపునొప్పి, భుజాల మీద పట్టీల గాట్లు, ఎండాకాలం చర్మం ఒరుసుకుని పుండ్లు. ఆపరేషన్ తర్వాతే నిటారుగా నడిచాను. అందుకు ఈరోజుకీ సంతోషమే.

పాప పుట్టాక చూడవచ్చిన వాళ్లంతా అడిగింది ఒక్కటే: "పాలు పడ్డాయా?" ఎల్లిపాయ కారం తినమన్నారు, పాలు ఎక్కువ తాగమన్నారు. కానీ సమస్య తిండిలో లేదు. గ్రంథుల్లో తయారైన పాలు సన్నని నాళాల గుండా చనుమొనకు చేరతాయి. ఆపరేషన్‌లో కొంత గ్రంథి పోతుంది, కొన్ని నాళాలు, నరాలు తెగుతాయి. బిడ్డ చప్పరిస్తున్న కబురు మెదడుకు చేర్చేది ఆ నరాలే. చనుమొనను కింది కణజాలంతో కలిపే ఉంచితే చాలామంది కొంతైనా పాలివ్వగలరు. పూర్తిగా వేరుచేసి మళ్లీ అతికిస్తే అవకాశం బాగా తక్కువ.

నాకు ముర్రుపాలు వచ్చాయి. తర్వాత వచ్చినవి చాలలేదు. పిల్లల డాక్టర్ లెక్క చెప్పారు: రోజుకు 8 నుంచి 12 సార్లు రొమ్ము పట్టాలి. ఐదో రోజు నుంచి బిడ్డ కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. రాకపోతే ఆలస్యం చేయకుండా పైపాలు. అలా ముందు రొమ్ము, తర్వాత డాక్టర్ రాసిన డబ్బాపాలు ఉగ్గుగిన్నెతో. "సగం నీవి, సగం గిన్నెవి. పోరి కడుపు నిండితే సాలు" అంది అత్తమ్మ. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పట్టింది.

తల్లిపాలు చాలని పసికందులు కొత్తేమీ కాదు. నెలలు నిండకుండా పుట్టినవారి కోసం హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో తల్లిపాల బ్యాంకే మొదలైంది.

ఇదంతా ఇక్కడ రాయడానికి కారణం, మనలో చాలామందికి ఎదిగే ఆడపిల్లలున్నారు. మీ అమ్మాయి భుజాలు వంచుకుని నడుస్తుంటే, ఆటల పీరియడ్ తప్పించుకుంటుంటే కసరకండి, కారణం అడగండి. అవసరమైతే డాక్టర్‌కు చూపించండి. ఎప్పుడైనా ఆపరేషన్ మాట వస్తే "రేపు పాలివ్వగలదా, ఏ పద్ధతిలో చేస్తారు?" అని ముందే అడగండి. ఆ కాగితాలు జాగ్రత్తగా దాచి, కాన్పు చేసే డాక్టర్‌కు, పిల్లల డాక్టర్‌కు చూపించండి. మొదటి వారంలో బిడ్డ బరువును ఎంత దగ్గరగా గమనించాలో వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.